పన్నెండు గళ్ళ పొలం

మొగుడు దర్జీ అయితే ఇంట్లో ఏ పనీ మొదటి రోజున మొదలవదు. గుడ్డ చేతికి రాగానే కత్తెర పెట్టేవాడు అసలు దర్జీయే కాదని ఆయన సిద్ధాంతం. ముందు దాన్ని తడపాలి, ఆరేయాలి, తిరగేసి వెనకవైపు చూడాలి, రెండు వేళ్ళ మధ్య నలిపి దాని గుణం కనుక్కోవాలి, సుద్దతో గీయాలి, గీసింది దులిపేసి మళ్ళీ గీయాలి. ఈ తంతు గుడ్డ దగ్గరే ఆగితే ఏ ఇల్లాలైనా ఓర్చుకుంటుంది. ఈయన పుచ్చకాయ కోయమన్నా చెవి వెనకనుంచి సుద్దముక్క తీస్తాడు. అద్దం తగిలించడానికి గోడకి మేకు కొట్టమంటే రెండు రోజులు గోడని చూస్తూ కూర్చుని, మూడో రోజున, ఫ్రేము అంచు కాస్త తగ్గిస్తే అద్దం బీరువా మీదే ఒద్దికగా ఇముడుతుందని చెప్పాడు. అది పెళ్ళయిన కొత్తలో మాట. మేకు ఇప్పటికీ డ్రాయర్లోనే ఉంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళు.

అలాంటి మనిషి ఒక శుక్రవారం తెల్లారుతూనే లేచి, "ఇవాళ నాగలి ఎంచుకుంటాను, పొలం దున్నేస్తాను, సాయంత్రం టీకి ఇంటికొచ్చేస్తాను," అన్నాడు. భార్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరమేమీ లేదు.

తొందరకి కారణం ఉంది. వీధి చివర, కాలువ దాటాక, ఆవిడ తండ్రికి మూడెకరాల పొలం ఉంది. తల్లి పోయాక తండ్రిని ఒంటరిగా వదల్లేక దర్జీ దంపతులు ఆయన ఇంటికే మారారు. ముందు గది కుట్టు దుకాణమైంది. వెనక షెడ్డులో తండ్రిగారి ట్రాక్టరు, దానికి తగిలించే గొర్రు ఉండేవి. గొర్రంటే వరసగా ఇనుప వేళ్ళు. నేలని దువ్వెనలా పైపైన దువ్వి వెళ్ళిపోతుంది. పదిహేనేళ్ళుగా ఆయన ఆ పొలాన్ని దానితోనే దున్నుతున్నాడు. ఏటేటా పంట తగ్గింది. ఏటేటా ఆయన నేలని తిట్టాడు. చివరికి ఈ ఏడు, "అది అయిపోయిన నేల. పైన పిడికెడు మట్టి, కింద బండ," అని తీర్పు చెప్పి, ఇటుకల బట్టీ యజమానికి ఆరేళ్ళ లీజుకిస్తానని మాటిచ్చేశాడు.

బట్టీ యజమాని పంటలు వేసే మనిషి కాదు. మట్టి తవ్వి లారీల్లో పట్టుకుపోయే మనిషి.

"నేల అమ్మట్లేదుగా అమ్మాయ్, మట్టే ఇస్తున్నాను," అన్నాడు తండ్రి.

"మట్టి పోయాక మిగిలేదేంటి నాన్నా? అడ్రసా?" అంది కూతురు.

ఆవిడ నడక నేర్చుకుంది ఆ పొలం గట్టు మీదే. తల్లి కొంగులో గింజలు పోసుకుని చల్లుతూ పోతుంటే, వెనకాల ఆ అడుగుల్లో తన అడుగులు వేసుకుంటూ నడిచిన పొద్దులు ఆవిడకి ఇప్పటికీ నిద్రలో వస్తుంటాయి. ఆ మట్టి ఇటుకలై, సున్నం పూసుకుని, ఎవరింటి బాత్‌రూమ్ గోడలోనో నిలబడటం ఆవిడకి మింగుడుపడలేదు.

దర్జీకీ మింగుడుపడలేదు గానీ ఆయన పద్ధతి వేరు. గడ్డపార తీసుకుని ఒక మధ్యాహ్నం ఒంటరిగా పొలానికి వెళ్ళి, మూరెడు గొయ్యి తవ్వి, అందులోకి తొంగిచూస్తూ పొద్దుగూకేదాకా కూర్చుని వచ్చాడు. చొక్కా జేబు నిండా నల్లటి మట్టి.

"గొర్రు దువ్వి దువ్వి జానెడు లోతున నేల గట్టిపడిపోయింది. మీ నాన్నగారు దాన్నే బండ అనుకుంటున్నారు," అన్నాడు భార్యతో, మట్టిని రెండు వేళ్ళ మధ్య నలుపుతూ. "పైగుడ్డ అరిగిపోయింది గానీ, లోపల అస్తరు ఇంకా కొత్తదే. తిరగేసి కుట్టించుకోవాలి అంతే. దానికి తగ్గ నాగలి కావాలి."

ఈ మాట మామగారి చెవిన పడింది. "అల్లుడుగారికి జేబులు తెలుసు, కాలర్లు తెలుసు. నేల సంగతి నాకొదిలేయమనమ్మా," అన్నాడాయన. కూతురు రెండు రోజులు మాట్లాడటం మానేశాక కాస్త దిగి వచ్చి, షరతు పెట్టాడు. "శుక్రవారం సాయంత్రం ఆరింటికి బట్టీ ఆయన సంతకానికి వస్తాడు. ఆలోగా మీ ఆయన నాగలేదో ఎంచుకుని, పొలం దున్ని, ఒక్కటంటే ఒక్క తిన్నని నాగటి చాలు చూపిస్తే కాగితం చింపేస్తాను. లేదా, సంతకం పెట్టేస్తాను. నేనొక మాట అన్నానంటే అది తప్పిపోదు."

నిజంగానే ఆయన మాట ఆయన లెక్కలో ఎన్నడూ తప్పిపోలేదు. ఒకసారి కొలతకంటే చిన్న బూట్లు కొనుక్కొచ్చి, నెల్లాళ్ళు కుంటుతూ, గాలిలో తేమకి పాదాలు ఉబ్బాయన్నాడు గానీ బూట్లు చిన్నవనలేదు. తప్పు అనే మాట ఆయన నోట్లో ఉండేది. ఎదుటివాళ్ళ కోసం మాత్రమే బయటికొచ్చేది.

శుక్రవారం పొద్దున్న పొగమంచు పట్టింది. గట్టు మీద నిలబడితే పొలం కనబడలేదు. దూదిలో చుట్టిపెట్టిన పెద్ద వస్తువేదో అక్కడ ఉందని మాత్రం తెలుస్తోంది. అందులోంచి దర్జీ గొంతు వస్తోంది. "దారం బిగించి పట్టుకో. ఇంకాస్త. ఆ, అక్కడ."

దారం రెండో కొస పట్టుకుని భార్య మంచులో నిలబడింది. ఆయన దారం వెంట వంగి నడుస్తూ చిల్లుల డబ్బాతో సున్నం పొడి చల్లుకుంటూ వస్తున్నాడు. ముందు ఒక తెల్ల గీత మంచులోంచి ఆవిడ కాళ్ళ దగ్గరికి పాకింది. దాని వెనక, కాస్త ఆలస్యంగా, మొగుడు.

"నిలువుగా మూడు పట్టీలు. మూడు నాగళ్ళు చూస్తాం కదా. అడ్డంగా నాలుగు. గట్టు పక్క నేల ఒకలా ఉంటుంది, పల్లం ఒకలా, మెరక ఒకలా, రాళ్ళ మూల ఒకలా. పన్నెండు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో నాగలి నడిపించి, మట్టి ఎలా పడుతుందో చూసి అప్పుడు ఎంచుకుంటాం."

"ఇదంతా సాయంత్రం ఆరింటికే?"

"గీయడమే కష్టం. గీశాక కత్తిరించడం ఎంతసేపు?" అన్నాడాయన, ప్రశాంతంగా.

ఒక్కో గడి మధ్యలో ఒక పుల్ల పాతి, దానికో గుడ్డముక్క కట్టారు. గుడ్డముక్కల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు ఆవిడే ఎర్ర దారంతో కుట్టింది. డిగ్రీ దాకా చదివిన మనిషి. అంకెలు అందంగా కుదిరాయి. మంచు విడిపోతుంటే గీతలన్నీ ఒక్కొక్కటే తేలి, మూడెకరాల పొలం మొత్తం ఎవరో మహాకాయుడి చొక్కా కోసం పరిచిన గళ్ళ గుడ్డలా కనబడింది. ఇద్దరూ తనివితీరా చూశారు. దాన్ని చూసి ఇంకెవరైనా ఇంకేమైనా అనుకోవచ్చని ఇద్దరికీ తోచలేదు.

దర్జీ వెళ్ళిన వ్యవసాయ పనిముట్ల దుకాణం వెనక పెద్ద ఆవరణ ఉంది. గడ్డి మొలిచిన నేల మీద ఇనుప నాగళ్ళు ఎండకి పడుకుని ఉన్నాయి. దుకాణందారు ఒక్కొక్కటీ చూపించాడు. "ఇది పళ్ళెపు నాగలి. గుండ్రటి పళ్ళేలు తిరుగుతూ కోసుకుపోతాయి. రాళ్ళున్నా పర్వాలేదు. ఇది రెక్క నాగలి. కింద పదును కోస్తుంది, పైన ఈ వంపు తిరిగిన రెక్క మట్టిని ఎత్తి బోర్లా పడేస్తుంది. గొర్రు మీ దగ్గర ఉందన్నారు. మీ నేల ఎలాంటిదండీ?"

దర్జీ జేబులోంచి మట్టి తీసి ఆయన అరచేతిలో పోశాడు. "పట్టుకుని చూడండి. పొడిగా ఉంటే నూలు. తడి తగిలితే పట్టు."

దుకాణందారు తన అరచేతిని, దర్జీని మార్చి మార్చి చూశాడు.

దర్జీ అప్పటికే రెక్క నాగలి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ రెక్క వంపు మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నెమ్మదిగా రాస్తున్నాడు. భుజం దగ్గర చెయ్యి అతికేటప్పుడు గుడ్డ ఇలాగే తిరుగుతుంది. ఎంత ప్రయత్నించినా పదేళ్ళలో ఏ రెండు చొక్కాలకో కుదిరిన వంపు, ఇక్కడ ఇనుములో ఊరికే పడి ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గంట గడిచింది. దుకాణందారు ఇద్దరు కొనుగోలుదార్లని పంపించి, టీ తాగి వచ్చి చూస్తే మనిషి అలాగే ఉన్నాడు.

"నచ్చిందాండీ?"

"దీన్ని చూస్తుంటే పళ్ళేలదానికి అన్యాయం చేస్తున్నానేమో అనిపిస్తోంది."

ఇంకో గంట ఇలాగే సాగితే ఏమవుతుందో ఊహించుకుని, దుకాణందారు రెండు నాగళ్ళనీ వ్యానులోకి ఎక్కించేశాడు. "రెండూ తీసుకెళ్ళి నడిపి చూడండి. ఒకటి ఉంచుకుని ఒకటి పంపేయండి. మీరూ వ్యానులోనే వెళ్ళండి, దయచేసి."

ఇక్కడ పొలం దగ్గర పరిస్థితి వేరుగా ఉంది.

మొదట చూసింది పోస్ట్‌మాన్. కాలువ వంతెన మీద సైకిలు ఆపి, తెల్ల గీతలు, పన్నెండు నంబర్లు చూశాడు. ఆయన వృత్తి అడ్రసులు. నంబర్లేసిన నేల కనబడితే అక్కడ ఇళ్ళు రాబోతున్నాయని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇచ్చిన ప్రతి ఉత్తరంతోపాటు ఆ కబురూ ఇచ్చుకుంటూ పోయాడు.

దర్జీ భార్య పదకొండింటికి పక్షులు గుడ్డముక్కల్ని లాగేయకుండా చూద్దామని పొలానికి వచ్చేసరికి గట్టు మీద ఏడెనిమిది మంది ఉన్నారు. అందరికంటే ముందు మందులషాపు వదిన. షాపు మూసి మరీ వచ్చింది.

"ఏమ్మా, ప్లాట్లు వేస్తూ మాకొక్క మాటైనా చెప్పలేదే!"

"ప్లాట్లు కాదండీ వదినగారూ. నాగలి ఎంచుకోవడానికి గీసుకున్నాం."

మందులషాపు వదిన పక్కావిడ వైపు చూసి నవ్వింది. "చూశావా? నాగలట. నంబర్లు కూడా నాగలి కోసమేనట. అయినవాళ్ళకి అట్టే పెట్టుకుంటున్నారన్నమాట."

"ఒట్టు వదినగారూ! మా ఆయన దర్జీ కదా, గీయందే ఏదీ కొయ్యరు."

"పోనీ దాచుకో. మూల ప్లాటు ఎవరికిచ్చారో అదైనా చెప్పు."

ఆవిడ ఎంత కాదంటే అంత గట్టిగా నమ్మారు. లేదనే కొద్దీ గట్టు మీద మనుషులు పెరిగారు. ఒకాయన మూడో నంబరులో నిలబడి వంటగది ఎటువైపు పెట్టాలో చేతులతో గాలిలో గీస్తున్నాడు. ఇంకో జంట ఎనిమిదో నంబరులో మెట్లు లోపల రావాలా బయట రావాలా అని అప్పుడే పోట్లాడుకుంటోంది. మధ్యాహ్నం ఎండకి దూరంగా ఉన్నవాళ్ళంతా నీళ్ళలో నిలబడినట్టు అలలు అలలుగా కదులుతున్నారు. లేని గోడలకి ఆనుకుని, లేని కిటికీల్లోంచి బయటికి చూస్తూ, ఆ ముఖాల్లో ఎంత హాయి ఉందంటే, నిజం చెప్పి వాళ్ళ ఇళ్ళు కూలగొట్టడానికి ఒక్క క్షణం ఆవిడకే మనసొప్పలేదు. నాలుగోసారి చెప్పినా వినకపోయేసరికి మాత్రం ఆవిడలో ఉండే చిన్న చిలిపితనం లేచి కూర్చుంది.

"సరే, మీ ఇష్టం. కానీ ఐదో నంబరు మాత్రం అడక్కండి," అంది, గొంతు తగ్గించి.

"ఏం, ఐదులో ఏముంది?"

"అది నేను చెప్పకూడదు."

ఐదో నంబరులో చీమల పుట్ట ఉంది. అక్కడ నిలబడితే కుడతాయని ఆవిడ ఉద్దేశం. రెండు నిమిషాల్లో అందరూ ఐదో నంబరులో ఉన్నారు. మందులషాపు వదిన మధ్యలో గొడుగు పాతేసింది.

ఈ ఐదో నంబరు కబురు పోస్ట్‌మాన్ సైకిలెక్కి ఇంట్లో పేపరు చదువుకుంటున్న పెద్దాయన దగ్గరికి చేరింది. చేరేటప్పటికి కాస్త ఒళ్ళు చేసింది.

"పన్నెండు ప్లాట్లటండీ. ఐదోది మీ అల్లుడుగారు సొంతానికి ఉంచుకున్నారట. మిగతావి దాదాపు అయిపోయాయట. మీకు తెలియకుండా ఎలా ఉంటుందిలెండి. సంతకం ఇక్కడ పెట్టండి, రిజిస్టరు ఉత్తరం."

పెద్దాయన ఉత్తరం తీసుకోలేదు. పేపరు మడవలేదు. కళ్ళజోడు కూడా తీయకుండా షెడ్డులోకి నడిచాడు. మోకాళ్ళు నొప్పులని ఏడాదిగా అల్లుడి చేత నీళ్ళ బిందె మోయిస్తున్న మనిషి, ఒక్క ఊపులో ట్రాక్టరెక్కాడు.

"నాన్నా!" అని కూతురు పొలం గట్టు మీదనుంచి అరిచేసరికి గొర్రు తగిలించిన ట్రాక్టరు వంతెన దాటేసింది.

"నా నేల అమ్ముతాడా! గీతలుంటేనే కదా ప్లాట్లు? గీతలే లేకుండా చేస్తాను! ఎవడు కొంటాడో చూస్తాను!"

"నాన్నా, అది నాగలి కోసం..."

"నువ్వు మాట్లాడకు! అంకెలు నీ కుట్టే! ఆ నాలుగు వంకర నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

పెద్దాయన మొదటి గీత మీద గొర్రు దింపి పొలం ఆ కొస దాకా నడిపి, వెనక్కి తిరిగి చూశాడు. గీత పోలేదు. ఇనుప వేళ్ళు సున్నాన్ని పైపైన దువ్వి ఇరుపక్కలకీ పరిచాయి. సన్నటి గీత వెడల్పాటి తెల్లటి దారి అయి కూర్చుంది. గట్టు మీద కలకలం బయల్దేరింది.

"రోడ్లు కూడా వేసేస్తున్నారు!"

"పెద్దాయనే స్వయంగా వేస్తున్నాడు. ఇంకా నాగలంటారేంటి?"

"రోడ్డు బాగా వెడల్పుగా ఉందండీ. కారు తిరుగుతుంది."

పెద్దాయన ఇంకోసారి నడిపాడు. రోడ్డు ఇంకాస్త వెడల్పయింది. ఇంకో గీత మీదికి వెళ్ళాడు. ఇంకో రోడ్డు తయారైంది. ఈలోగా కబురు విన్నవాళ్ళు పక్క వీధులనుంచి కూడా రావడం మొదలుపెట్టారు. పెద్దాయన ట్రాక్టరు ఆపి చెమట తుడుచుకుంటుంటే ఒకాయన వచ్చి, వీధి దీపాలు ఎన్ని వస్తాయని అడిగాడు.

సరిగ్గా అప్పుడు దుకాణం వ్యాను వచ్చింది. వెనక రెండు నాగళ్ళున్నాయి. దర్జీ లేడు.

"మా ఆయనేరీ?" అంది దర్జీ భార్య.

వ్యాను డ్రైవరు తల గోక్కున్నాడు. "దారిలో ఎవరిదో దున్నిన పొలం కనబడిందమ్మా. ఒక్క నిమిషం ఆపమన్నారు. దిగి అందులోకి నడుచుకుంటూ పోయారు. ముప్పావుగంట చూశాను. మధ్యలో నిలబడి చాళ్ళకేసి చూస్తున్నారు. పిలిస్తే చెయ్యి ఊపారు. పొమ్మంటున్నారో రమ్మంటున్నారో తెలీక వచ్చేశాను."

మామగారు ఇదేమీ వినట్లేదు. ఆయన కళ్ళు రెక్క నాగలి మీద ఉన్నాయి. ఆ వంపు తిరిగిన రెక్క మట్టిని ఎత్తి బోర్లా వేస్తుందని ఆయనకి తెలుసు. పైనున్నది కిందికి పోతుంది. అంటే సున్నమూ కిందికి పోతుంది.

"అది దింపు," అన్నాడు.

"ఏదండీ? పళ్ళేలది కూడా..."

"రెక్కది! దింపవయ్యా!"

పదిహేనేళ్ళు గొర్రు తప్ప వేరే పనిముట్టు ముట్టని మనిషి, ఏ నాగలి మంచిదని పన్నెండు గళ్ళు గీసి తేల్చాల్సిన సంగతిని, అలా అర నిమిషంలో ముగించేశాడు. గొర్రు ఊడదీసి రెక్క నాగలి తగిలించారు. మొదటి గీత మీదే మళ్ళీ దింపాడు. జానెడు లోతున ఇనుము ఏదో గట్టిదాన్ని తాకి ట్రాక్టరు మూలిగింది. ముందు చక్రాలు కాస్త తేలాయి. ఆయన పళ్ళు బిగించి ఇంకొంచెం దించాడు. లోపలెక్కడో పాత గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు. అంతే, నేల తెరుచుకుంది.

తెల్ల గీత పైకి లేచి, పక్కకి వాలి, బోర్లా తిరిగి మాయమైపోయింది. దాని చోట నల్లటి మట్టి, తడి మెరుపుతో, వెడల్పాటి మడతలా పరుచుకుంది. వాసన వచ్చింది. గట్టు మీద మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వాన రాకుండానే వాన వాసన. మెట్ల గురించి పోట్లాడుకునే జంట కూడా నోరు మూసుకుని ఊపిరి పీల్చింది.

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ముందుకి తిరిగి, రెండో చాలు మొదలుపెట్టాడు.

ఎక్కడినుంచో కొంగలు దిగాయి. ట్రాక్టరు వెనక తెల్లగా వరసకట్టి, బయటపడ్డ పురుగుల్ని ఏరుకుంటూ నడిచాయి. ఒకటో నంబరు పోయింది. రెండో నంబరు పోయింది. వంటగదులు, మెట్లు, కిటికీలు అన్నీ మెత్తగా తిరగబడి మట్టిలోకి వెళ్ళిపోయాయి. ఎవరూ అడ్డుచెప్పలేదు. మందులషాపు వదిన మాత్రం గొడుగు కింద ఐదో నంబరులో నిలబడి, "నా ప్లాటు మీదికి వస్తే ఊరుకోను," అంది. నల్లటి మడతలు ఒక పక్కనుంచి వచ్చాయి, ఇంకో పక్కనుంచి వచ్చాయి. చివరికి ఆవిడ, గొడుగు, చీమల పుట్ట ఒక చిన్న దీవిలా మిగిలారు. అప్పుడు చీమలు ఆవిడకి పరిస్థితి వివరించాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, గుల్ల మట్టిలో పాదాలు మునుగుతుండగా ఆవిడ గట్టు ఎక్కింది. ఎక్కాక, "ఎంత చల్లగా ఉందో!" అంది, ఎవరితోనూ కాకుండా.

గీతలన్నీ పోయి ఎంతోసేపైంది. పెద్దాయన ఆపలేదు. కోపం ఏ చాలు దగ్గర దిగి వెళ్ళిపోయిందో ఆయనకే తెలీదు. పొద్దు వాలి ఎండ మెత్తబడింది. ఇంజను చప్పుడు జోలపాటలా ఒకే తీరున సాగుతుంటే, నలభై ఏళ్ళ వెనకటి ఏదో మధ్యాహ్నంలో నడుపుతున్నవాడిలా, కళ్ళజోడు ముక్కు మీదికి జారినా సర్దుకోకుండా, ఆ కొసకీ ఈ కొసకీ తిరుగుతున్నాడు. కూతురు గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఒకచోట ట్రాక్టరు ముందు నడుస్తూ గింజలు చల్లుతున్న మనిషి కూడా కనబడినట్టే ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తుడిస్తే పోతుందేమోనని.

ఐదున్నరకి మూడెకరాలూ అయిపోయాయి. ఇంజను ఆగింది.

అప్పుడు వచ్చాడు దర్జీ, కాలినడకన. వచ్చినవాడు ఇంతమంది ఎందుకున్నారని అడగలేదు. తన గీతలేమయ్యాయని అడగలేదు. పొలం మొదట్లో గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, మొదటి చాలు కొస దాకా చూశాడు.

"తిన్నగా ఉంది," అన్నాడు.

"గీత మీద పడ్డాను కాబట్టి," అన్నాడు మామగారు ట్రాక్టరు మీదనుంచి, విసుగ్గా. "చెరపాలంటే దాని మీదే పోవాలి కదా. మొదటిది తిన్నగా పడితే పక్కవన్నీ దాన్ని చూసి నడుస్తాయి." ఒక్క క్షణం ఆగి, "ప్లాట్లు ఎందుకు వేశావు?" అన్నాడు.

"ప్లాట్లేంటి మామయ్యా? నాగళ్ళు నడిపి చూడ్డానికి గళ్ళు గీశాను."

పెద్దాయన కూతురి వైపు చూశాడు. "పొద్దుట్నుంచీ అదే మొత్తుకుంటున్నాను," అంది ఆవిడ. పెద్దాయన పోస్ట్‌మాన్ కోసం చుట్టూ చూశాడు. పోస్ట్‌మాన్ సైకిలు చైను సరిచేసుకోవడంలో మునిగిపోయాడు.

ఈ సందట్లో బట్టీ యజమాని వచ్చాడు, ఆరింటికి పావుగంట ముందే, చేతిలో కాగితాలతో. పొలం చూసి నిలబడిపోయాడు. చాలులోకి దిగి, గుప్పెడు మట్టి తీసి పిసికాడు. ముద్ద చేశాడు. ముద్ద విరిచి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"పెద్దాయనా! పైన పిడికెడు మట్టి, కింద బండ అన్నారు! ఇక్కడ చూస్తే మొలలోతు ఉండేలా ఉంది! తవ్వుకోడానికి సిద్ధంగా దున్ని మరీ పెట్టారు. నా అదృష్టం. ఇదిగో పెన్ను."

పెద్దాయన పెన్ను తీసుకోలేదు. ట్రాక్టరు దిగి, చాలు పక్కన నిలబడ్డాడు. "ఇవ్వను."

"అదేంటండీ! మాటిచ్చారు."

"దున్ని చూపిస్తే కాగితం చింపేస్తానని కూడా మాటిచ్చాను."

"అల్లుడు దున్నితే అన్నారట. దున్నింది మీరు. ఊరంతా చూసింది."

గట్టు మీదివాళ్ళు తలలూపారు. ఇల్లు ఎలాగూ రాదని తేలిపోయాక వాళ్ళకి న్యాయం మీద ఆసక్తి పెరిగింది.

"నేల అయిపోయింది కాబట్టి ఇస్తున్నానన్నారు," అన్నాడు బట్టీ యజమాని, మర్యాదగానే. "మీ మాట తప్పిపోదు కదా. అయితే నేల అయిపోయినట్టే. అయిపోయిన నేల నాకివ్వడానికి ఏమండీ?"

"నేల అయిపోలేదు."

"మరి అయిపోయిందన్నది?"

పెద్దాయన దున్నిన చాళ్ళ వైపు చూశాడు. ట్రాక్టరు వైపు చూశాడు. గట్టు పక్కన పడున్న గొర్రు వైపు చూశాడు. "ఆ గొర్రు అమ్మినవాడిది..." అని మొదలుపెట్టాడు.

"కింద బండ ఉందని గొర్రు అమ్మినవాడు చెప్పాడా?"

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అందరికీ ఒక్కసారే అర్థమైంది, ముసలాయనకి రెండే దారులున్నాయని: పొలం వదులుకోవడమో, డెబ్బై ఏళ్ళుగా కాపాడుకొస్తున్న మాట వదులుకోవడమో. దర్జీ ఏదో సాయం చెయ్యబోతే భార్య మోచెయ్యి పట్టుకుని ఆపింది.

పెద్దాయన వంగాడు. మోకాళ్ళు నిజంగానే నొప్పి పుట్టాయి. గుప్పెడు మట్టి తీసుకుని దాన్నే చూస్తూ మాట్లాడాడు.

"పదిహేనేళ్ళు పైపైన దువ్వాను. లోపలేముందో ఒక్కసారి తీసి చూడలేదు. చూడకుండానే అయిపోయిందన్నాను." గొంతు సవరించుకున్నాడు. ఒకసారి చాలలేదు, రెండోసారి సవరించుకున్నాడు. "నేలది కాదు. గొర్రుదీ కాదు. తప్పు నాది."

బట్టీ యజమాని పెన్ను జేబులో పెట్టుకుని, కాగితాలు నాలుగు మడతలు పెట్టాడు. అలాంటి మాటకి ఎదురుచెప్పడం ఆయనకీ చేతకాలేదు.

"ట్రాక్టరు చప్పుడులో సరిగ్గా వినబడలేదు నాన్నా," అంది కూతురు.

ట్రాక్టరు ఆగి అప్పటికి అరగంటైంది.